పాట ఆయనది, గొంతు ఆమెది: ఎంబిలియా బెల్ కథలో చిక్కుముడి

కాంగోలో మాట్లాడే లింగాల భాషలో 'కోస్వా' అంటే కొరకడం, కుట్టడం. 'ఎస్వి యో వాపి' అంటే మాటకు మాటగా 'నిన్నెక్కడ కుట్టింది' అని. కానీ రాజధాని కిన్షాసాలో ఒకావిడ ఇంకొకావిడ మొహం మీద ఆ మాట అందంటే చీమ గురించో దోమ గురించో కాదు. 'నీకెక్కడ మండిందే?' అని అడుగుతోందన్నమాట. 1980ల మొదట్లో ఈ మాటే పేరుగా ఓ పాట వచ్చింది. పాడినమ్మాయి ఎంబిలియా బెల్. పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ పాట కాంగో సరిహద్దులు దాటి, లింగాల ఒక్క ముక్క రాని ఊళ్లలో కూడా మోగింది. ఆడవాళ్లు అది తమ పాటే అనుకున్నారు.

రాసింది మాత్రం మగవాడు. టాబు లే రోషెరో. బ్యాండ్ ఆయనది, రికార్డు కంపెనీ ఆయనది, కొన్నాళ్లకు ఆమెకు భర్త కూడా ఆయనే. అంటే 'నీకెక్కడ మండింది' అని ఓ ఆడది ఇంకో ఆడదాన్ని దెప్పిపొడిచే మాటను, ఆ ఇద్దరి మధ్యా నిలబడే మగవాడే రాసిచ్చాడు. అలాంటప్పుడు ఆ పాట ఎవరిది?

ఎంబిలియా బెల్ గురించి రాసేవాళ్లు మామూలుగా రెండు కథల్లో ఒకటి ఎత్తుకుంటారు. మగవాళ్ల కోటలోకి వచ్చి ఓ అమ్మాయి రాణి అయిపోయింది అనేది మొదటిది. ఆమెను 'కాంగో రుంబా రాణి', 'క్లియోపాత్రా' అని పిలుస్తారు కాబట్టి ఈ కథ తేలిగ్గా అతుకుతుంది. ఓ పెద్దాయన ఆమెను కనిపెట్టాడు, తీర్చిదిద్దాడు, పెళ్లాడాడు, తర్వాత బ్యాండులోకి ఇంకో అమ్మాయిని తెచ్చాడు, ఈమె వెళ్లిపోయింది అనేది రెండోది. రెండూ అబద్ధం కాదు. కానీ వీటిలో ఏది పట్టుకున్నా, ఆ పాటలు జనాన్ని ఎందుకంతగా పట్టేశాయో మాత్రం తెలియదు. అది తెలియాలంటే కాంగోలో బ్యాండు ఎలా నడిచేదో, డబ్బు ఎటు పోయేదో, ఆ ఊళ్లో సంసారాలు ఎలా ఉండేవో కాస్త చూడాలి.

ఊరూ, బ్యాండూ

ఆమె అసలు పేరు మారీ క్లేర్ ఎంబోయో మొసెకా. 1959 జనవరి 10న లియోపోల్డ్‌విల్‌లో పుట్టింది. దానికి ఆరు రోజుల ముందే, జనవరి 4న, ఓ రాజకీయ సభను అధికారులు జరగనివ్వకపోవడంతో ఆ ఊరు భగ్గుమంది. బెల్జియం పాలకులు కాల్పులు జరిపించారు, చాలామంది చనిపోయారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1960 జూన్ 30న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1966లో ఊరి పేరు కిన్షాసా అయింది. 1971లో దేశం పేరు జైర్ అయింది. 1972లో నియంత మొబూటు ప్రభుత్వం మనుషుల క్రైస్తవ పేర్లు కూడా వదిలేయమంది. పాస్కల్ టాబు కాస్తా టాబు లే అయింది ఆ ఊపులోనే. పదమూడేళ్లు వచ్చేసరికే ఊరి పేరు, దేశం పేరు, చుట్టూ ఉన్న మనుషుల పేర్లు మారిపోవడం చూసిన తరం ఆమెది.

ఆ ఊరు మారకుండా పట్టుకున్నది రుంబా సంగీతం ఒక్కటే. కాంగో తీరం నుంచి బానిసలుగా ఓడలెక్కించిన మనుషులతో పాటు వాళ్ల లయలూ క్యూబాకి వెళ్లాయి. 1930ల నుంచి క్యూబా రికార్డులు కాంగో రేవులకు రావడం మొదలైంది. వింటే ఎప్పుడో ఇంట్లోంచి పోయిన వస్తువు తిరిగొచ్చినట్టు అనిపించింది జనానికి. స్పానిష్ అర్థం కాకపోయినా మొదట అలాగే అనుకరించారు. తర్వాత లింగాల మాటలు పెట్టారు. పియానో చేసే పని గిటార్లకు అప్పజెప్పారు. 2021లో యునెస్కో ఈ కాంగో రుంబాను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

పాట రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది నెమ్మదిగా, కథ చెబుతూ సాగుతుంది. రెండోదాన్ని సెబెన్ అంటారు. అక్కడ కథ పక్కకు తప్పుకుంటుంది, గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటాయి, జనం లేచి ఆడతారు. ఒక్కో పాట ఎనిమిది, పది నిమిషాలు నడుస్తుంది. అందుకే ఎల్పీ రికార్డు మీద తరచూ నాలుగే పాటలు పట్టేవి. ఈ రెండు భాగాల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ రంగంలో రెండు పెద్ద బడులున్నాయి. ఒకటి జోసెఫ్ కబసెలె పెట్టిన ఆఫ్రికన్ జాజ్. మెత్తటి గొంతులు, సొగసైన పాటలు. రెండోది ఫ్రాంకో నడిపిన ఓకే జాజ్. కాస్త మొరటుగా, వీధి వాసనతో ఉండేది. టాబు లే మొదటి బడి విద్యార్థి. 1963లో గిటారిస్టు డాక్టర్ నికోతో కలిసి బయటికొచ్చాడు, తర్వాత సొంతంగా అఫ్రీసా ఇంటర్నేషనల్ నడిపాడు. 1970లో పారిస్‌లోని ఒలింపియా హాల్లో కచేరీ చేశాడు. ఒక ఆఫ్రికన్ గాయకుడికి ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. జనం ఆయన్ని 'సెన్యేర్' అనేవాళ్లు, అంటే ప్రభువు. ఫ్రాంకోని 'గ్రాండ్ మెత్ర్', అంటే మహాగురువు. బ్యాండు అధిపతి స్థానం ఎలాంటిదో ఆ బిరుదులే చెబుతాయి.

బ్యాండ్ అనగానే నలుగురు స్నేహితులు కలిసి పెట్టుకున్నది అనుకుంటాం. కిన్షాసా ఆర్కెస్ట్రా అలా కాదు, సర్కస్ కంపెనీతో పోల్చుకోవచ్చు. గిటార్లు, ఆంప్లిఫైయర్లు, మైకులు అన్నీ యజమానివి. అన్నీ విదేశీ సరుకే, కొనాలంటే విదేశీ డబ్బు కావాలి. 1973లో మొబూటు వ్యాపారాలను జాతీయం చేసి తనవాళ్లకు పంచాక, ఆ వెంటనే రాగి ధరలు పడిపోయాక, దేశం ఆర్థికంగా కుదేలైంది. 80లకు వచ్చేసరికి మంచి రికార్డు చేయాలంటే పారిస్‌కో బ్రస్సెల్స్‌కో వెళ్లాల్సి వచ్చింది. టికెట్లు, వీసాలు, స్టూడియో అద్దె ఎవరు పెట్టుకోగలరు? ఇద్దరో ముగ్గురో 'ప్రభువులు'. గాయకుడు అలిగి బయటికి పోతే ఖాళీ చేతులతో పోవాలి. గాయని సంగతి చెప్పక్కర్లేదు.

ఆమెకు ముందు

ఎంబిలియానే మొదటి గాయని అని చాలాచోట్ల కనబడుతుంది. అది సరికాదు. 1950లలోనే లూసీ ఎయెంగా రికార్డులు జనం విన్నారు. 70ల్లో ఇద్దరు పెద్ద గాయనులు వచ్చారు.

ఒకరు అబేటి మసికిని. 1954లో, ఇప్పుడు కిసంగాని అనే ఊళ్లో పుట్టింది. తండ్రి కాంగో తొలి ప్రధాని లుముంబా పక్షం నాయకుడు, 1961లో ఆయన్ని చంపేశారు. అబేటి ఆర్కెస్ట్రా ప్రభువుల చేతికి చిక్కలేదు. టోగో దేశానికి చెందిన జెరార్ అకుయెసోన్ ఆమెకు మేనేజరు, తర్వాత భర్త. 1973లో ఒలింపియాలో పాడింది, మరుసటి ఏడాది న్యూయార్క్ కార్నెగీ హాల్లో. విదేశీ వేదికల మీద గెలిచాకే సొంత ఊరు ఆమెను పూర్తిగా ఒప్పుకుంది అనిపిస్తుంది నాకు. 1994లో, నలభై ఏళ్లు నిండకుండానే, ఫ్రాన్స్‌లో చనిపోయింది.

ఇంకొకరు ఎంపోంగో లవ్. బోమా ఊరు. చిన్నప్పుడే జబ్బు చేసి కాలు చచ్చుబడింది. గంతులేసే గాయనులు కావాలనుకునే రంగంలో ఆమె నిలబడి పాడింది, అంతే. ఎంపోంపో లోవే అనే శాక్సోఫోన్ కళాకారుడు ఆమె వెనక బ్యాండు కట్టాడు. ఆమెకు ఎంతో పేరు తెచ్చిన 'న్డాయా' రాసింది మయౌలా మయోని. ఆయన అంతకుముందు ఫుట్‌బాల్ ఆటగాడు. మొగుడు తనవాడే అని ధీమాగా ఉన్న ఇల్లాలి పాట అది. ఎంపోంగో 1990లో, ముప్పై మూడేళ్లకే పోయింది.

చూశారుగా, ప్రతి గాయని వెనకా ఓ మగవాడు ఉన్నాడు. మేనేజరో, బ్యాండ్ కట్టినవాడో, పాట రాసినవాడో. ఇది ఎంబిలియా ఒక్కదాని కథ కాదు, ఆ రంగం నడిచే తీరే అంత. మైకు కావాలంటే ఆ మైకు ఎవరిదో వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఎంబిలియా పదిహేడేళ్లకు అబేటి వెనక కోరస్‌లో వంత పాడుతూ మొదలుపెట్టింది. తర్వాత గాయకుడు శామ్ మంగ్వానా దగ్గర. 1981లో టాబు లే ఆమెను అఫ్రీసాలోకి తీసుకున్నాడు. వచ్చిన కొత్తలో పాడిన 'ఎంపెవె యా లోంగో' కికోంగో భాషలో మాట, పవిత్రాత్మ అని అర్థం. మొగుడు కష్టాలపాలు చేసి వదిలేసిపోతే పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటున్న ఆడమనిషి గోడు అది. కుర్రకారుకి నచ్చే డాన్సు పాట కాదు. అయినా ఆడవాళ్లు దాన్ని ఎత్తుకున్నారు.

చిన్నిల్లు, రెండో ఆఫీసు

ఈ పాటలు ఇంగ్లీషులో వివరించేవాళ్లు ఒకచోట ఎప్పుడూ తడబడతారు. లింగాలలో 'ఎంబాండా' అనే మాట ఉంది. దానికి ఇంగ్లీషులో సరైన మాట లేక 'ప్రత్యర్థి' అనో, 'సహభార్య' అనో రాస్తారు. మనకా బాధ లేదు. సవతి. ఆ మాటలో ఉన్న మంట, ఎకసెక్కం, నిత్యం ఒకే వీధిలో ఎదురుపడే ఇబ్బంది, అన్నీ 'ఎంబాండా'లో ఉన్నాయి. అలాగే కిన్షాసా ఫ్రెంచిలో 'డెజియెమ్ బ్యూరో' అంటారు, అంటే రెండో ఆఫీసు. సాయంత్రం 'ఆఫీసులో పనుంది' అని మగవాడు వెళ్లే ఇంకో ఇల్లు. మన చిన్నిల్లే. చట్టం ఒక్క భార్యనే ఒప్పుకుంది, బెల్జియం కాలం నుంచీ అంతే. ఆచరణలో మాత్రం రెండో ఆఫీసు తెరిచే ఉండేది.

ఎంబిలియా పాటల పేర్లు వరసగా చదివితే కుళాయి దగ్గర మాటల్లా ఉంటాయి. 'ఎస్వి యో వాపి', నీకెక్కడ మండింది. 'లిసంగా బంబాండా', సవతుల సభ. 'బోయా యే', వద్దు పొమ్మను. 'బా జెరాన్ యా మబాలా', అంటే ఇతరుల కాపురాలకు మేనేజర్లు. 'జెరాన్' అంటే ఫ్రెంచిలో మేనేజరు, 'మబాలా' అంటే పెళ్లిళ్లు. పక్కింటి సంసారాన్ని తామే నడుపుతున్నట్టు సలహాలిచ్చేవాళ్ల మీద ఇంతకన్నా మంచి వెక్కిరింత నేను వినలేదు. అది టాబు లే, ఆమె కలిసి పాడిన పాట.

మగ రచయిత ఆడగొంతులో పాట రాయడం కాంగోలో కొత్తేమీ కాదు. మన పదాల సంప్రదాయంలోనూ ఉన్నదే, కాబట్టి మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫ్రాంకో, టాబు లే 60ల నుంచే ఆడవాళ్లు 'నేను' అని మాట్లాడే పాటలు రాశారు. కానీ వాటిని మగవాళ్లే పాడేవాళ్లు. వింటున్న ఆడమనిషికి అక్కడో తెర ఉండేది. ఆమె మాట ఆయన నోట నాటకంలా వినబడేది. ఎంబిలియా వచ్చాక ఆ తెర తొలగింది. 'నేను' అన్న మాటా, పలికిన గొంతూ ఒక్కటయ్యాయి. రాతలో అక్షరం మారలేదు గానీ అర్థం మారిపోయింది.

ఇక్కడ నేను మొదటి కథవాళ్లతో గానీ రెండో కథవాళ్లతో గానీ పూర్తిగా ఏకీభవించలేను. 'ఆడవాళ్ల తిరుగుబాటు గొంతు' అంటే ఎక్కువైపోతుంది. ఈ పాటల్లో చాలావాటిలో కోపం మొగుడి మీద కాదు, సవతి మీద. నలుగురు ఆడవాళ్లు ఒకరినొకరు దెప్పుకుంటుంటే మధ్యలో మగవాడు హాయిగా ఉంటాడు. ఆ మగవాడే పాట రాస్తే అలా కాక ఎలా ఉంటుంది? పైగా టాబు లేకి ఇతర సంసారాలు, చాలామంది పిల్లలు ఉన్న సంగతి దేశమంతటికీ తెలుసు. ఫ్రాన్స్‌లో పేరున్న ర్యాపర్ యూసుఫా ఆయన కొడుకుల్లో ఒకడు. అంటే ఎంబిలియా పాడుతున్న సవతి పోరు వేదిక దిగితే ఆగిపోయేది కాదు. వినేవాళ్లకు ఆ సంగతి తెలుసు. పాటకు అంత పదును రావడానికి అదీ ఓ కారణం.

అలాగని 'ఆయన చేతిలో బొమ్మ' అనడమూ తప్పే. ఇది రాస్తూ 'ఎస్వి యో వాపి' మళ్లీ మూడుసార్లు విన్నాను. మొదటి భాగంలో ఆమె గొంతు ఎక్కడా అరవదు. దెప్పిపొడుపు పాట అనగానే గట్టిగా పాడతారనుకుంటాం. ఆమె మాత్రం గొంతు పైకి వెళ్లినా తేలిగ్గానే ఉంచి, నవ్వు మొహంతో అన్నట్టు అంటుంది. గొంతు చించుకున్న దెప్పుడుకన్నా నవ్వుతూ అన్నదే ఎక్కువ మండుతుందని ఆడవాళ్ల మాటలు విన్నవాళ్లెవరికైనా తెలుసు. టాబు లే మాటలు రాయగలడు గానీ ఆ నవ్వు రాయలేడు. అది ఆమెది.

డబ్బు ఎటు పోయింది

ఇప్పుడు కాస్త బోరు కొట్టే విషయం, కానీ అసలు ముడి ఇక్కడే ఉంది.

రికార్డు అట్ట మీద పెద్ద బొమ్మ ఎంబిలియాది. లోపల, రికార్డు మధ్యలో అతికించిన గుండ్రటి లేబుల్ మీద, పాట పేరు కింద చిన్న అక్షరాల్లో రచయిత పేరుంటుంది. జనం చూసేది అట్ట. హక్కుల సంఘం చూసేది లేబుల్. కాంగోలో నడిచింది ఫ్రెంచ్, బెల్జియన్ పద్ధతి. పాట రేడియోలో మోగినా, వేరేవాళ్లు మళ్లీ పాడినా, ముందుగా డబ్బు రావాల్సింది రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి. పాడినవాళ్లకు స్టూడియో రోజు కూలీ, కచేరీల్లో వాటా, అది కూడా యజమాని ఇచ్చినంత. ఫ్రాన్స్ 1985లో చట్టం తెచ్చి పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు కూడా హక్కులు కల్పించింది. కానీ జైర్ బ్యాండులో నెలజీతం మీద ఉండే మనిషికి పారిస్ చట్టం ఎంత దూరం? కిన్షాసాలో హక్కుల డబ్బు వసూలు చేసే ప్రభుత్వ సంఘం ఒకటి ఉండేది. దాని దగ్గర సరిగ్గా అందలేదని సంగీతకారులందరి గోలా ఒక్కటే. అంటే రాసినవాడికే సరిగ్గా రాని చోట, పాడినమ్మాయికి ఏం వస్తుంది?

ఈ రికార్డులు టాబు లే సొంత కంపెనీ జెనిడియా నుంచే వచ్చాయి. రచయిత, బ్యాండు యజమాని, నిర్మాత, భర్త, నాలుగు వేషాలూ ఒక్కడివే. దీన్ని దోపిడీ అనొచ్చు. కానీ అదే మనిషి లేకపోతే స్టూడియో లేదు, డీనో వాంగు లాంటి గిటారిస్టులు లేరు, వెనక బాకాల వరస లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడమే చిక్కు.

దీనికి తోడు ఇంకొకటి. 1987 ఆగస్టు 1న జైర్ కొత్త కుటుంబ చట్టం తెచ్చింది. కుటుంబానికి భర్త పెద్ద అనీ, భార్య ఆయనకు విధేయంగా ఉండాలనీ అందులో రాశారు. పెళ్లయిన స్త్రీ చట్టపరమైన ఒప్పందం ఏది చేసుకోవాలన్నా భర్త అనుమతి కావాలి. ఈ అనుమతి షరతు 2016లో సవరించే దాకా అమల్లో ఉంది. రికార్డు కంపెనీతో సంతకం చేయాలనుకునే ఇల్లాలికి ఇది ఎలా తగులుతుందో ఊహించుకోవచ్చు. అదే 1987 చివర్లో ఎంబిలియా అఫ్రీసా వదిలి వెళ్లింది.

నైరోబీ ఎందుకు

వెళ్లిన కథకు ముందు ఒక పక్కదారి, ఎందుకంటే ఆమె పేరు ఈనాటికీ గట్టిగా నిలిచిన చోట్లలో కెన్యా ఒకటి.

70ల నుంచి కాంగో బ్యాండులు చాలా తూర్పుకు వలసపోయాయి. నైరోబీలో స్టూడియోలున్నాయి, రికార్డు ముద్రించే ఫ్యాక్టరీ ఉంది, చేతిలో డబ్బున్న శ్రోతలున్నారు. అక్కడ స్వాహిలీ నడుస్తుంది. ఎంబిలియా పాడిన వాటిలో 'షౌరి యాకో' స్వాహిలీ పాట, న్గువాషి న్టింబో కట్టినది, ఇతర బ్యాండులూ పాడినదే. 'షౌరి యాకో' అంటే 'నీ ఇష్టం, నీ కర్మ' అని విసుగ్గా వదిలేయడం. ఆమెకు అచ్చంగా సరిపోయే మాట. 'నకెయి నైరోబీ' మాత్రం లింగాల. 'నైరోబీ వెళ్తున్నా' అని. తమ ఊరి పేరున్న పాటను కెన్యావాళ్లు నెత్తిన పెట్టుకున్నారు.

రాజకీయంగా కూడా ఆమె గొంతు పనికొచ్చిందని చెబుతారు. 80ల మధ్యలో కెన్యా ప్రభుత్వం రేడియోలో విదేశీ సంగీతం ఆపేసిందట. అప్పుడు టాబు లే అధ్యక్షుడు మోయిని పొగుడుతూ ఓ పాట కట్టాడు, ఎంబిలియా పాడింది, నిషేధం పోయింది. వినడానికి కమ్మగా ఉన్న కథ, అందుకే కాస్త అనుమానంతోనే వినాలి. కానీ ప్రభువులు రాజుల్ని పొగిడి పని జరిపించుకోవడం ఆ రంగంలో రోజువారీ విషయమే. మొబూటుని పొగడని పెద్ద బ్యాండు కిన్షాసాలో లేదు.

వెళ్లిపోయాక

80ల మధ్యలో ఆమెకు కూతురు పుట్టింది, కొంతకాలం వేదికకు దూరంగా ఉంది. తర్వాత అఫ్రీసాలోకి ఫాయా టెస్ అనే మరో గాయని వచ్చింది. ఇద్దరికీ పొసగలేదని అప్పట్లో గట్టిగా చెప్పుకున్నారు. సవతుల పాటలు పాడిన మనిషి కాబట్టి పత్రికలకు ఆ కథ మరీ నచ్చింది. ఆడవాళ్లిద్దరూ కొట్టుకున్నారు అని చెప్పడం ఎప్పుడూ సులువే. ఆరేళ్లుగా జనాన్ని రప్పిస్తున్న గాయనికి సొంత బ్యాండు, సొంత పాటలు, సొంత లెక్క కావాలనిపించడంలో వింతేముంది? మగ గాయకులు అదే పని చేస్తే దాన్ని చీలిక అనేవాళ్లు, సంగీత చరిత్రలో ఓ అధ్యాయం రాసేవాళ్లు. టాబు లే తానూ అలాగే కబసెలె దగ్గర్నుంచి బయటికొచ్చినవాడు.

ఆమె మొదట గబాన్ రాజధాని లిబ్రెవిల్ వెళ్లింది, అక్కడో నిర్మాతతో కొద్దికాలం. తర్వాత పారిస్. అక్కడ రిగో స్టార్ అనే గిటారిస్టు తోడయ్యాడు, పాపా వెంబా బృందంలో వాయించినవాడు. 1988లో 'ఫెనొమెన్' వచ్చింది, బాగా ఆడింది. మరుసటి ఏడాది అమెరికా, బ్రిటన్, పశ్చిమ ఆఫ్రికా పర్యటనలు. 1991లో 'బమెలి సోయ్'.

నా అభిప్రాయం అడిగితే, ఈ పారిస్ రికార్డులు నాకు సగమే నచ్చుతాయి. పాటకు రెండు భాగాలుంటాయని మొదట్లో చెప్పాను కదా. పారిస్‌లో ఆ లెక్క మారిపోయింది. అక్కడి క్లబ్బుల్లో ఆడేవాళ్లలో లింగాల వచ్చినవాళ్లు కొందరే. నిదానంగా కథ చెప్పే భాగం ఎవరికి కావాలి? సూకూస్ అని పేరు పెట్టి వేగం పెంచారు, సెబెన్ ముందుకు జరిగింది, డ్రమ్ మెషీన్లు వచ్చాయి, బాకాల వరస ఖర్చెక్కువని తీసేశారు. ఎంబిలియా గొప్పతనమంతా ఆ నెమ్మది భాగంలో, ఆ నవ్వు దెప్పుడులో ఉంది. స్వేచ్ఛ దొరికిన చోట దాన్ని చూపించే నాలుగు నిమిషాల జాగా తగ్గిపోయింది. గిటార్లు మాత్రం అద్భుతంగా ఉంటాయి, అది కాదనను.

ఇంకో సంగతి. ఇక్కడ కూడా పక్కన ఓ మగ సంగీతకర్తే. తేడా ఏమిటంటే ఈసారి బ్యాండు పేరుతో కాక ఆమె పేరుతోనే జనం వచ్చారు.

అఫ్రీసా ఆ తర్వాత మునుపటిలా లేదు. టాబు లే కూడా 80ల చివర్లో ఫ్రాన్స్ చేరాడు. 1990లో ఆయన రికార్డు ఒకదాన్ని మొబూటు ప్రభుత్వం నిషేధించింది. 1997లో మొబూటు పడిపోయాక తిరిగొచ్చి రాజకీయాల్లోకి దిగాడు, కిన్షాసా వైస్ గవర్నరుగా కూడా పనిచేశాడు. 2013 నవంబర్ 30న బ్రస్సెల్స్‌లో చనిపోయాడు. ఎంబిలియా ఆ తర్వాత కూడా పాడుతూనే ఉంది.

నింద వచ్చినప్పుడు పాట ఎవరిది అనే ప్రశ్నకు జవాబు చాలా తేలిగ్గా దొరుకుతుందని ఇంకో గాయని కథ చెబుతుంది. ఆమె పేరు చాలా ముయానా. మన చెవికి ఆ పేరు తమాషాగా ఉంటుంది గానీ పలకడం అలాగే. లుబుంబాషిలో పుట్టిన లూబా తెగ మనిషి, మొదట ఎంపోంగో లవ్ బ్యాండులో డాన్సరు, తర్వాత ముతువాషి అనే లూబా నాట్య లయకు రాణి, కొన్నాళ్లు పార్లమెంటు సభ్యురాలు. 2020 నవంబర్లో ఆమె కృతఘ్నత మీద ఓ పాట పాడితే, అది అధ్యక్షుడు చిసెకెడి మీద విసురని అనుకున్నారు. భద్రతా అధికారులు వచ్చి పట్టుకుపోయి మర్నాడు వదిలారు. ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, లేబుల్ మీద ఎవరి పేరుంది అని ఎవరూ అడగలేదు. పాడిన మనిషినే తీసుకెళ్లారు. 2022 డిసెంబర్లో ఆమె కన్నుమూసింది.

ఎంబిలియాని కొత్తగా వినాలనుకుంటే 'ఎస్వి యో వాపి'తోనే మొదలుపెట్టండి, పూర్తి నిడివి ఉన్న రికార్డు దొరికితేనే. తర్వాత 'నకెయి నైరోబీ'. ఆ తర్వాత 'బా జెరాన్ యా మబాలా', అందులో ఆయన గొంతు, ఆమె గొంతు పక్కపక్కనే వినబడతాయి. పాట ఆయన రాశాడు, బ్యాండు ఆయనది, పేరులో 'మేనేజరు' అని ఉంది. ఆయన వరుస ముగిసి ఆమె అందుకునే చోట వాల్యూమ్ కాస్త పెంచండి.